ఐదో ట్రాక్

ఫాతిమానగర్ల సైకిల్ షాపు మీద అర్ర నాది.
గోడలకు గోనెసంచులు, కోడిగుడ్ల అట్టలు.
బల్ల మీద, సికింద్రాబాద్‌ల సెకండ్ హ్యాండ్‌కు కొన్న
ఎనిమిది ట్రాకుల డిజిటల్ రికార్డర్.
ఆరో ఫేడర్ మాత్రం మాట వినదు,
పక్కకు ఒకటి చరిస్తె వింటది.

కడారి ఓదెలు మబ్బు పట్టిన నాడు వచ్చిండు,
చంకల ఒగ్గు, సంచిల తాళాలు. తోడు ఎవ్వలు లేరు.
"ఐలుమల్లు ఏడి?"
"వాని ముచ్చట తియ్యకు."
మడికొండల చదివింపుల పైసలు పంచుకునేటప్పుడు
మూడు వందల కాడ తెగిందట
ముప్పై ఏండ్ల జోడు.

"ఈ డబ్బ ఏం జేస్తది?" అన్నడు.
చెప్పిన. ఒక్కో ట్రాక్‌ల ఒక్కటే ఉంటది.
మొదటిది చెవులల్ల వినుకుంట రెండోది పాడొచ్చు,
దాన్ని ఓవర్‌డబ్ అంటరు.
ఎర్రలైటు మినుకుమంటె చెవి రిక్కించినట్టు,
నిండుగ వెలిగితె మనసుల పెట్టుకుంటున్నట్టు.
తప్పు పోతె అంత మళ్ల పాడుడు లేదు,
తప్పిన కాడనే పంచ్ ఇన్, దాటంగనే పంచ్ అవుట్.
"చిరిగిన గొంగడికి అతుకేసినట్టా?"
"గంతే."
"అయితె నాకు నేనే వంత పాడుకుంట."

క్లిక్ పెట్టనా అంటె ఎడమకాలు చూపించిండు.
ఒకటో దాంట్ల కథ. రెండుల ఒగ్గు. మూడుల తాళాలు.
మూడు నలభై గూడ్సు కథల పడ్డది, వినలేనట్టే ఊరుకున్న.
నాలుగో దాంట్ల వంత:
తను చెప్పిన ముచ్చటకు తనే
"ఆఁ, అటెనుక?" అనబోయి ఆగిండు.
తెలిసినోడు తెలువనట్టు అడుగుడు ఎట్ల?
మూడుసార్లు అన్‌డూ నొక్కిన.
నాలుగోసారి హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి
"ఐదో దాన్ని ముట్టకు" అని మెట్లు దిగిపోయిండు.

పదకొండో నాడు ఐలుమల్లు ఎక్కిండు,
డోలును దుప్పట్ల చుట్టుకొని, దొంగసొమ్ము తెచ్చినట్టు.
"వాడు పాడిండట గద. వినిపియ్యి."
గోడ దిక్కు చూసుకుంట విన్నడు.
వేళ్లు మోకాలు మీద నడుస్తున్నయి.
"ఈడ ఉరికిండు సూడు. నేను లేకుంటె గట్లనే ఉరుకుతడు."
నేనేం అనలే. ఐదో ట్రాక్ ఎర్రలైటు తెరిచిన.

మొదటి టేకుల డోలు, ఓదెలును
వెనుకనుంచి అంగి పట్టి గుంజింది.
పదకొండు రోజుల కిందటి మనిషి, ఎట్ల ఆగుతడు?
కథ ఒక దిక్కు, దరువు ఒక దిక్కు, చెరువు కట్ట తెగినట్టయింది.
ఐలుమల్లు చెమట తుడుచుకున్నడు.
రికార్డయినోడు తగ్గడు.
కూసున్నోడే తగ్గాలె.
రెండో టేకుల, వాని ఉరుకుల వీడు నడిచిండు.

లగ్గం ఘట్టం కాడ ఓదెలు ఊపిరి తీసుకున్న సందు ఒకటి ఉన్నది.
నాకది వట్టి సందు అనిపించింది, కత్తిరిద్దామనుకున్న గూడ.
ఆడికి రాంగనే ఐలుమల్లు
మైకు దిక్కు వంగి, "ఆఁ, అటెనుక?" అన్నడు.
చెవులల్ల ఓదెలు అందుకున్నడు.
నా చేతుల మీద వెంట్రుకలు లేచినయి.

తెల్లారి ఓదెలు ఫోను: "వాని డోలు జర తగ్గించు."
పొద్దుమీకి ఐలుమల్లు ఫోను: "వాని గొంతు జర దించు."
తీసెయ్యమని ఇద్దరు అనలే.
ఇద్దరు సగం సగం పైసలు పంపిండ్రు,
ఒకలు పంపిన సంగతి ఇంకొకలకు చెప్పొద్దని.

ఇగ బౌన్స్ మిగిలింది.
ట్రాకులన్ని కుడి ఎడమ రెండిట్లకు దించుడు.
దించినంక విడదీసుడు ఉండదు,
చారుల పడ్డ ఉప్పును ఏరినట్టే.
ఆఖరుసారి కండ్లు మూసుకొని విన్న:
ఐలుమల్లు టేకుల గూడ ఒక రైలు ఉన్నది.
ఓదెలుది బల్లార్షా దిక్కు పోయే గూడ్సు,
ఐలుమల్లుది ఏ ఎక్స్‌ప్రెస్సో, విజయవాడ దిక్కుది.
పదకొండు రోజుల ఎడంతోటి పోయిన రెండు బండ్లు
కథల ఒకటే నిమిషానికి,
ఒకటే పట్టా మీదికి వస్తున్నయి.

ఫిల్టరు పెట్టి తీసేద్దామనుకున్న.
పెట్టలే.
ఆరో ఫేడర్‌కు ఒకటి చరిచి
మాస్టర్ నొక్కిన.